ఎదురు తిరిగిన ఫ్యాను

కంపెనీ తరపున నేను గెలిచిన కేసులు కొన్ని ఉన్నాయి. వాటి వివరాలు అడిగితే కాస్త తడుముకుంటాను. ఓడిపోయిన కేసు ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరు అడిగినా, అడక్కపోయినా చెప్పేస్తుంటాను. మా ఇంట్లో వాళ్లకైతే కంఠతా వచ్చేసింది. ఇప్పుడు మీ వంతు. హెచ్‌ఆర్‌లోనో లీగల్‌లోనో కొత్తగా చేరి, ఐడీ కార్డు మెడలో వేసుకుని అద్దంలో చూసుకునే పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

రిటైరయ్యే ముందు చివరి కొన్నేళ్లు నేను రాయదుర్గంలో ఒక కంపెనీకి లీగల్ మేనేజర్‌ని. పేరు ఘనంగా ఉంటుంది కానీ, మా డిపార్ట్‌మెంట్ అంటే నేనూ, నా మాట వినని ఒక ప్రింటరూ. మేమున్న అద్దాల భవనంలో మిగతా వాళ్లందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే. మేం మాత్రం చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసేవాళ్లం. డిజైన్ చేసే పిల్లలు పై అంతస్తులో కూర్చునేవాళ్లు. కింద, పార్కింగ్ వెనకాల, ఒక గదిలో వర్క్‌షాపు. రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డుల మీద నమూనాలు తయారుచేయడానికి అక్కడ యాసిడ్లు వాడేవాళ్లు. పైన కాఫీ మెషీన్ దగ్గర కబుర్లు చెప్పుకునే వాళ్లలో సగం మందికి కింద అలాంటి గది ఒకటుందని కూడా తెలియదు.

ఆ గదిలో పనంతా ఒక టెక్నీషియన్ చూసుకునేవాడు. సొంతూరు మదీనాగూడ. ముంబై హైవే అంత వెడల్పు కాకముందు నుంచీ వాళ్ల కుటుంబం అక్కడే ఉంది. బాలానగర్ వర్క్‌షాపుల్లో ఎన్నో ఏళ్లు లోహాలకు పూతపని చేసి మా దగ్గరికి వచ్చాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. జీతం విషయంలో ఏదో అనుమానం వచ్చి ఒకసారి నా దగ్గరికి వచ్చాడు. నేను చెప్పింది విని, "అయితె ఫికర్ లేదు మేడమ్" అని వెళ్లిపోయాడు. ఫికర్ లేదు, అంటే చింత లేదు, అన్నది ఆయన ఊతపదం.

ఆ గదిలో యాసిడ్ పళ్లాలు పెట్టడానికి ముందువైపు తెరుచుకునే అద్దాల పెట్టె ఒకటి ఉండేది. పొగను పైకి లాగడానికి దానికొక ఫ్యాను, బయటికి పంపడానికి ఒక గొట్టం ఉండాలి. ఫ్యాను కొన్నాం. గొట్టం మాత్రం గోడ దాటలేదు. ఎందుకంటే భవనం చూసుకునే పెద్దమనిషి ఒప్పుకోలేదు. అద్దాల భవనానికి పక్కనుంచి గొట్టం పొడుచుకొస్తే అందం పోతుందన్నాడు. మా వర్క్‌షాపు మేనేజర్ రెండు మూడుసార్లు అడిగి, తర్వాత వేరే పనుల్లో పడిపోయాడు. ఫ్యాను అట్టపెట్టెలోనే ఉండిపోయింది. దాని మీద అక్కడి కుర్రాళ్లు టిఫిన్ బాక్సులు పెట్టుకునేవాళ్లు. ఫ్యానుకు బదులుగా కంపెనీ ఒక డబ్బా గుడ్డ మాస్కులు కొనిచ్చింది.

ఒక రోజు క్లయింటుకి చూపించాల్సిన నమూనాలు తొందరగా కావాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. బోర్డులు త్వరగా శుభ్రం కావాలని మేనేజర్ మామూలుగా వాడేది కాకుండా నైట్రిక్ యాసిడ్ వాడమన్నాడు. రాగి దాంట్లో పడితే ఎర్రటి పొగ లేస్తుంది. టెక్నీషియన్ తలుపు తెరిచిపెట్టి, పని ముగించి, దగ్గుకుంటూ బయటికి వచ్చాడు. కాసేపటికి సర్దుకుంది. టీ తాగి, బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పొగతో వచ్చిన చిక్కే అది. పీల్చినప్పుడు మామూలుగానే ఉన్నట్టుంటుంది. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రాత్రికి ఆయనకు ఊపిరి అందలేదు. భార్యే ఆటోలో కూర్చోబెట్టి దవాఖానకు తీసుకెళ్లింది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేమని డాక్టర్లు అన్నారట.

బతికాడు. మీరు కంగారు పడకండి, ఈ కథలో ఎవరికీ ప్రాణం పోదు. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. కానీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మళ్లీ యాసిడ్ పొగ దగ్గరికి పోకూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

ఆసుపత్రి బిల్లు మా కంపెనీయే కట్టింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. మా మేనేజర్, హెచ్‌ఆర్ కలిసి, బిల్లు కట్టిన రసీదుతో పాటు ఆయన ఇంటికి ఒక లెటర్ పంపారు. ఆయన మాస్క్ పెట్టుకోకుండా నిర్లక్ష్యంగా పని చేయడం వల్లే ప్రమాదం జరిగిందనీ, అయినా మానవతా దృక్పథంతో ఖర్చు భరిస్తున్నామనీ దాని సారాంశం. నాకు చూపించకుండా పంపారు. చూపించి ఉంటే ఈ కథే లేదు.

రెండు రోజుల తర్వాత టెక్నీషియన్ భార్య ఆ లెటర్ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. మదీనాగూడలో చిన్న కర్రీ పాయింట్ నడిపేది ఆమె. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపితే, ఎంతసేపైనా కూర్చుంటానని మెట్ల మీద కూర్చుందట. నన్ను పిలిచారు. వెళ్లి నా గదికి తీసుకొచ్చాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. లెటర్ నా ముందు పెట్టి అడిగింది.

"పైసలు గట్టిండ్రు మేడమ్, మంచిదే. గని మా ఆయన తప్పు చేసిండని ఎందుకు రాసిండ్రు? బాలానగర్ల అన్నేండ్లు జేసిండు, ఒక్క మాట పడలే. గీ కాయితం సూసి రేపు ఎవలు పని ఇస్తరు?"

ఆ లెటర్ తప్పని కంపెనీ మనిషిగా చెప్పకూడదు. నీళ్లిచ్చాను. తాగి, గ్లాసు కడగడానికి చోటెక్కడని అడిగింది. వద్దన్నా వినకుండా కడిగే పెట్టింది.

ఆ తర్వాత వాళ్లు కేసు వేశారు. ఆయన జీతం ఈఎస్‌ఐ బీమా వర్తించే హద్దు దాటింది కాబట్టి కేసు పరిహారాలు తేల్చే కార్మిక శాఖ అధికారి ముందుకు వచ్చింది. పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం పాఠం చెప్తాను, ఓపిక పట్టండి. పనిచేసే చోట, పని వల్ల కార్మికుడికి దెబ్బ తగిలితే యజమానిదే బాధ్యత. తప్పించుకునే దారులు బహు కొద్ది. వాటిలో ఒకటి, భద్రత కోసం ఇచ్చిన వస్తువుని కార్మికుడు కావాలని పక్కన పెట్టాడని నిరూపించడం. మా మేనేజర్ ఆ దారినే పట్టుకున్నాడు.

నేను ఎండీ గారి దగ్గరికి వెళ్లి ఇది నిలవదని చెప్పాను. ఆ గుడ్డ మాస్కు దుమ్ముకు పనికొస్తుంది గానీ యాసిడ్ పొగను ఆపదు, ఫ్యాను బిగించకపోవడమే అసలు తప్పు, ఒప్పుకుని రాజీ చేసుకుందాం అన్నాను. మా ఎండీ విజయవాడ వైపు మనిషి. చెడ్డవారు కాదు. ఉద్యోగుల పుట్టినరోజులకి స్వయంగా కేకు కోయించేవారు. కానీ తన కంపెనీలో తప్పు జరిగిందంటే ఆయనకి మింగుడు పడేది కాదు.

"మీరు మా తరపు కదండీ?" అన్నారు కాస్త నొచ్చుకుంటూ.

"మీ తరపు కాబట్టే చెప్తున్నాను సార్. అవతలి తరపు అయ్యుంటే నోరు మూసుకుని నవ్వుకునేదాన్ని."

ఆయన నవ్వారు గానీ మాట వినలేదు. వాదించమన్నారు. మాది నంద్యాల వైపు. మొండి మనుషులతో ఎలా బతకాలో మాకు చిన్నప్పటి నుంచే అలవాటు. సరేనని ఫైలు పట్టుకుని వెళ్లాను.

కేసు విన్న అధికారి రిటైర్మెంట్‌కి దగ్గర పడిన మనిషి. ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకుని, ప్రతి ప్రశ్నకీ ముందు ఒక గుక్క తాగేవాడు. టెక్నీషియన్‌ని నిలబెట్టి, ఆ రోజు మాస్క్ పెట్టుకున్నావా అని అడిగాడు. వాళ్ల లాయరు గొంతు సవరించుకున్నాడు. జవాబు ఎలా చెప్పాలో ముందే నేర్పి తెచ్చి ఉంటాడు. టెక్నీషియన్ ఒక క్షణం ఆగి, మాస్క్ గడ్డం కిందికి లాక్కున్నానని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. పెట్టుకున్నా పెట్టుకోకున్నా పొగ ఒక తీరే వస్తుందని, ఊపిరి ఆడక కిందికి లాగానని చెప్పాడు. వాళ్ల లాయరు కళ్లు మూసుకున్నాడు. మా మేనేజర్ నా చెవిలో, అయిపోయింది మేడమ్, గెలిచినట్టే అన్నాడు. వెనక బెంచీ మీద కూర్చున్న టెక్నీషియన్ భార్య ముఖం చూశాను. ఆయన అబద్ధం చెప్పనందుకు కోపం లేదు అక్కడ. భయం మాత్రం ఉంది.

నిజానికి ఆ రోజే ఆర్డరు రాసి ఉంటే మేమే గెలిచేవాళ్లమేమో. గెలిచి ఉంటే ఇవాళ నేనీ సంగతి మీకు చెప్పుకునేదాన్ని కాదు. కానీ అధికారి వేడినీళ్లు తాగి, ఆ గది ఒకసారి చూస్తానన్నాడు.

ఎండీ గారు హుషారుగా రమ్మన్నారు. ఆ వారం మా కింది గదిలో జరిగిన హడావుడి చూసి తీరాలి. గోడలకు తెల్లరంగు పడింది. సీసాలకి తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో లేబుళ్లు పడ్డాయి. టిఫిన్ బాక్సుల కింద నుంచి ఫ్యానుకి విముక్తి కలిగింది. భవనం పెద్దమనిషిని ఎండీ గారే బతిమాలి, వెనక వైపు గోడకి కన్నం పెట్టించి గొట్టం బయటికి తీశారు. ఫ్యాను బిగించడానికి మేనేజర్ ఎవరో కరెంటు మనిషిని పిలిపించాడు. అతను తొందరలో ఉన్నాడు, మేనేజర్ ఇంకా తొందరలో ఉన్నాడు. స్విచ్ వేస్తే ఫ్యాను గుయ్యిమని తిరిగింది. తిరిగింది కదా అని ఇద్దరూ సంతోషించారు.

ఎటు తిరుగుతోందో ఎవరూ చూడలేదు. ఆ రకం ఫ్యానులో తీగలు అటూ ఇటూ అయితే అది ఎదురు దిక్కుకి తిరుగుతుందని నాకు తర్వాత తెలిసింది. పొగను పైకి లాగాల్సింది పోయి, బయటి గాలిని గొట్టంలోంచి లోపలికి తోసి, పెట్టెలో ఉన్నదంతా మన ముఖం మీదికి ఊదుతుందన్న మాట.

చెప్పిన రోజుకి అధికారి వచ్చాడు. టెక్నీషియన్, ఆయన భార్య, లాయరు కూడా వచ్చారు. టెక్నీషియన్ ఊపిరి సంగతి తెలుసు కాబట్టి ఆయన్ని వరండాలోనే కుర్చీ వేసి కూర్చోమన్నాడు అధికారి. భార్య ఆయన పక్కన నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది. మిగతా వాళ్లం లోపలికి వెళ్తుంటే మేనేజర్ అందరికీ తలా ఒక గుడ్డ మాస్కు పంచాడు. మా కంపెనీలో నియమాలు ఎంత కచ్చితమో చూపించాలని ఆయన ఆలోచన. ఎండీ గారు ముక్కు మీద తీగ నొక్కి మరీ చక్కగా పెట్టుకున్నారు. అధికారి పెట్టుకుని, ఎందుకో తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇలాంటి గదులు చాలా చూసిన మనిషి.

మేనేజర్ అద్దాల పెట్టెలో పళ్లెం పెట్టి, అందులో కొంచెం యాసిడ్ పోశాడు. ఆనాటి నైట్రిక్ కాదు. ఇంట్లో బాత్రూం కడగడానికి వాడే రకమే, కాస్త ఘాటు ఎక్కువ. ఎండీ గారు పెట్టె ముందుకు వెళ్లి, అధికారి వైపు తిరిగి, ఇప్పుడు చూడండీ, మీకు వాసన కూడా రాదు అన్నారు. మేనేజర్ స్విచ్ వేశాడు.

ఫ్యాను గుయ్యిమంది. ఎండీ గారి జుట్టు ఎగిరింది. అంత దగ్గరగా నిలబడ్డ మనిషికి ఆ గాలి ఏమిటో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత ఆయన దగ్గు మొదలుపెట్టారు. మేనేజర్ దగ్గాడు. నాకు ముక్కులో నిప్పు పెట్టినట్టయింది. కళ్లు కనపడలేదు. అధికారి తలుపు బార్లా తెరిచి, అందరూ బయటికి రండి అని పిలిచాడు. నేను చేతికందిన చొక్కా పట్టుకుని లాగాను. అది ఎండీ గారిది. ఎవరో స్విచ్ ఆపారు.

వరండాలో అందరం వరసగా గోడకు ఆనుకుని నిలబడి దగ్గుతుంటే, పార్కింగ్‌లో డ్రైవర్లు మమ్మల్ని వింతగా చూశారు. మాకు కాసేపట్లో తగ్గిపోయింది. ఎండీ గారికి మాత్రం ఆగడం లేదు. టెక్నీషియన్ లేచి తన కుర్చీ ఆయనకి ఇచ్చాడు. ఆయన భార్య నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చి, చిన్నపిల్లాడికి చేసినట్టు వీపు నిమిరింది. ఎండీ గారు ముఖం మీది మాస్క్ కిందికి లాక్కుని నీళ్లు తాగారు. అప్పుడు ఆమె అడిగింది. గొంతులో వెటకారం లేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టే ఉంది.

"మాస్క్ మంచిగనే పెట్టుకున్నరు గద సార్. మరి దగ్గెట్ల వచ్చింది?"

వాళ్ల లాయరు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. అధికారి జేబులోంచి రుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అది యాసిడ్ వల్లో, నవ్వు ఆపుకోవడం వల్లో నాకు తెలియలేదు. ముందు నవ్వింది మాత్రం ఎండీ గారే. దగ్గుతూనే నవ్వారు, నవ్వుతూ ఇంకా దగ్గారు. ఆయన నవ్వేసరికి మా అందరికీ ఊపిరి వచ్చింది.

దగ్గు తగ్గాక ఆయన కళ్లజోడు తీసి, టెక్నీషియన్‌ని అడిగారు, ఆ రోజు కూడా ఇలాగే ఉందా అని. టెక్నీషియన్ చెప్పడానికి మొహమాటపడ్డాడు. మళ్లీ అడిగితే చెప్పాడు.

"గిదేం లేదు సార్. గిది బయటికొస్తే పోతది. ఆనాడు ఇంటికి పోయినంక మొదలయ్యింది. ఊపిరి తీస్త ఉంటె లోపటికి పోతలేదు. మా బిడ్డ అన్నం పెట్టుకోని ఎదురు సూస్తున్నది, దాన్ని పిలుద్దామన్నా మాట రాలే."

ఎండీ గారు మాస్కు పూర్తిగా తీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత తలెత్తి నాతో, "ఆ నిర్లక్ష్యం అన్న మాట తీసేయించండి" అన్నారు. కేసులోంచా లెటర్‌లోంచా అని అడిగాను. రెండిట్లోంచీ అన్నారు.

వెళ్లేటప్పుడు అధికారి నా పక్కన ఆగి, తన సర్వీసులో ఎవరూ నేర్పకుండా నిజం చెప్పిన సాక్షులు తక్కువనీ, మీ ఫ్యానుకి నా నమస్కారాలు చెప్పండనీ అన్నాడు.

తర్వాతి వాయిదాకి నేను నిలబడి, ప్రమాదానికి బాధ్యత కంపెనీదేనని ఒప్పుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో అంత తేలిగ్గా వచ్చిన వాదన ఇంకోటి లేదు. చట్టం ప్రకారం రావాల్సింది ఆయనకి వచ్చింది. వైద్యం ఖర్చు దయతో కాకుండా బాధ్యతగా కంపెనీ మీద పడింది. పాత లెటర్ వెనక్కి తీసుకుంటూ కొత్తది నేనే రాశాను, తెలుగులో. ఎండీ గారు దాన్ని పోస్టులో పంపనివ్వలేదు. ఇద్దరం కలిసి మదీనాగూడ వెళ్లాం. కర్రీ పాయింట్ ముందు జనం నిలబడి ఉన్నారు. ఆమె గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లెటర్ తీసుకుని, కొనడానికి వచ్చిన వాళ్లందరికీ వినపడేలా గట్టిగా చదివింది. తప్పు కంపెనీది, ఆయనది కాదు అన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివింది. ఎండీ గారు చెవుల దాకా ఎర్రబడ్డారు, కానీ కదల్లేదు. తర్వాత మాకు టమాటా పప్పు కట్టిచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

మా మేనేజర్ని ఎవరూ పంపించేయలేదు. మీలో కొందరికి అది నచ్చకపోవచ్చు. నైట్రిక్ వాడమన్నది అతనే. కానీ తొందర పెట్టింది పై వాళ్లు, గొట్టం వద్దన్నది భవనం వాళ్లు, గుడ్డ మాస్కులు చాలనుకున్నది అందరం. తప్పు ఇంతమంది చేతుల్లో పంచుకుని ఉన్నప్పుడు చిట్టచివరి మనిషి మీదికి దొర్లించడం చాలా సులువు. అందుకే చట్టం అలా దొర్లించనివ్వదు. యజమాని దగ్గరే ఆపేస్తుంది. నిలవని వాదనని నిలవదని మన వాళ్లకే ముందు చెప్పడం కూడా మన ఉద్యోగంలో భాగమే. వినకపోతే వినరు. చెప్పడం మానకండి.

మేనేజర్ మటుకు ఆ తర్వాత బాగా మారాడు. ఏ స్విచ్ వేసినా ముందు రెండడుగులు వెనక్కి వేసేవాడు, సీలింగ్ ఫ్యాను స్విచ్ అయినా సరే.

వర్క్‌షాపుని కొన్నాళ్లు మూసి, తెలిసిన వాళ్లని పిలిచి, పెట్టె నుంచి గొట్టం దాకా అన్నీ మళ్లీ చేయించారు. నైట్రిక్ వాడకం మానేశారు. టెక్నీషియన్‌కి పై అంతస్తులో, తయారైన బోర్డులు పరీక్షించే పని ఇచ్చారు. కుర్చీలో కూర్చుని చేసే పని. మొదట్లో ఆ చల్లటి ఏసీ గదిలో పరేషాన్ అయ్యాడు. స్వెట్టర్ వేసుకుని వచ్చేవాడు.

గది తెరిచే రోజు ఆయన భార్యని కూడా పిలిచాం. ఫ్యాను బిగించిన ఇంజనీరు, గాలి ఎటు పోతోందో కళ్లతో చూడాలంటే పొగ కావాలన్నాడు. ఆమె చేతిసంచిలోంచి అగరొత్తుల ప్యాకెట్ తీసిచ్చింది. ఆయన ఒకటి వెలిగించి పెట్టె ముందు పట్టుకున్నాడు. స్విచ్ వేశాడు.

అకౌంట్స్ అమ్మాయి అటుగా వెళ్తూ, గుమ్మం దగ్గర అందరం నిలబడి ఉండడం, లోపల అగరొత్తి పొగ చూసి, పూజ అనుకుని చెప్పులు విడిచి చేతులు జోడించింది. ఆమెని చూసి ఎండీ గారు కూడా జోడించారు. పొగ ఒక క్షణం పైకి లేచి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు ఆగింది. మేమందరం దాన్నే చూస్తున్నాం. తర్వాత మెల్లగా వంగి, తిన్నగా సాగి, పెట్టెలోకి వెళ్లింది. టెక్నీషియన్ వరండాలోంచి గోడ చుట్టూ తిరిగి, గొట్టం బయటికొచ్చే చోటికి వెళ్లాడు. అక్కణ్నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఇటే వస్తున్నది సార్. వాసన మంచిగున్నది."